మన బడుల కథను మన పిల్లలే పరిశోధించాలి



పరీక్షా ఫలితాలు వెలువడిన ప్రతి వేసవిలోనూ మన ఇళ్లలో జరిగే చర్చ ఒక్కటే. బిడ్డకు లెక్కలు బాగా వస్తే ఇంజనీరింగు, జీవశాస్త్రం వస్తే వైద్యం, రెండూ అంతంతమాత్రమైతే కామర్సు. భాషపై మక్కువ ఉన్న పిల్ల ఎవరైనా కనబడితే తెలుగు ఎం.ఏ. చేసి పండితురాలివి కమ్మంటాము. చరిత్ర, అర్థశాస్త్రం, సమాజశాస్త్రం, విద్యాశాస్త్రం వంటివి చదివి, వాటిలో డాక్టరేటు చేయమని ప్రోత్సహించే ఇల్లు మాత్రం బహు అరుదు. ఈ ఆలోచన మారవలసి ఉన్నదనీ, సొంత రాష్ట్రాల వెలుపల తరతరాలుగా స్థిరపడిన మనకు ఆ మార్పు మరింత అవసరమనీ మనవి చేయడానికే ఈ నాలుగు మాటలు.

2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో సుమారు 42 లక్షల మంది, కర్ణాటకలో సుమారు 35 లక్షల మంది, మహారాష్ట్రలో సుమారు 13 లక్షల మంది తెలుగును మాతృభాషగా చెప్పుకున్నారు. ఈ అంకెలను మనం ప్రతి సభలోనూ వల్లిస్తూ ఉంటాము. కాని ఆ అంకెల వెనుక ఉన్నవారు ఎవరు? కోవిల్‌పట్టి నల్లరేగడి రైతు ఉన్నాడు. కోయంబత్తూరు వీధులు ఊడ్చే అరుంధతీయ కార్మికురాలు ఉన్నది. సోలాపూరు పద్మశాలి ఉన్నాడు. వీరి ఇళ్లలో తెలుగు వినబడుతుంది. వీరి పిల్లలలో ఎందరు తెలుగు చదవగలరు? ఏ తరంలో ఆ చదువు ఆగిపోయింది? దగ్గరలో బడి లేక ఆగిందా, పంతులు లేక ఆగిందా, ఉద్యోగం రాదన్న భయంతో ఆగిందా, నలుగురిలో తెలుగు మాట్లాడటానికి సిగ్గుపడి ఆగిందా? ఈ ప్రశ్నలకు ప్రబంధ సాహిత్యంలో సమాధానం దొరకదు. ఊరూరా తిరిగి, ఇల్లిల్లూ అడిగి, పాత దస్త్రాలు తిరగేసి తేల్చవలసిన విషయాలివి. ఆ పని నేర్పేవే సాంఘిక శాస్త్రాలు.

దీనివల్ల ప్రయోజనమేమిటని మీరు అడగవచ్చు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఏ అధికరణం చెబుతున్నది. 350బి అధికరణం భాషాల్పసంఖ్యాకుల కోసం ఒక ప్రత్యేకాధికారిని ఏర్పరచింది. రెండూ 1956లో చేరినవే. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యాస చట్టం తమిళాన్ని ఒకటవ తరగతి నుండి ఏటేటా పై తరగతులకు తప్పనిసరి చేస్తూ వచ్చినపుడు మనవారు వినతిపత్రాలు పట్టుకొని తిరిగారు, న్యాయస్థానాలకూ వెళ్లారు. అధికారి గాని న్యాయమూర్తి గాని అడిగేది ఏమిటి? ఏ ఊరిలో ఎందరు పిల్లలు, ఎన్ని ఖాళీలు, పదేళ్ల క్రితం ఎందరుండేవారు, ఎందుకు తగ్గారు అని. భాషాభిమానం వినతిపత్రం రాయించగలదు, లెక్క తేల్చలేదు. పిల్లలు తగ్గారు గనుక విభాగం మూసేస్తామని ప్రభుత్వం అంటే, పంతులును వేయలేదు గనుకనే పిల్లలు తగ్గారని మనం అంటాము. ఏది ముందు జరిగిందో ఆధారంతో చూపగల మనిషి మన పక్షాన ఉండాలి.

మన సమాజాన్ని ఇతరులు శ్రద్ధగానే చదివారు. హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేటపై ఎస్.సి. దూబే రాసిన గ్రంథం 1955లో వెలువడింది. తెలుగు అనే భాష జనానికి ‘మాతృభాష’గా ఎప్పుడు, ఎలా మారిందో శోధిస్తూ అమెరికా పండితురాలు లీసా మిచెల్ 2009లో పుస్తకం ప్రచురించారు. భాషాప్రయుక్త రాష్ట్రాలలో సంఖ్యాబలం లేని వర్గాల గతి ఏమిటని 1955లోనే అడిగిన అంబేద్కరు అర్థశాస్త్రంలో డాక్టరేటు పొందినవారు. బయటివారు చేయరాదని నేను అనను. కాని ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో ఒడియానో, తరగతిలో ఇంగ్లీషు వినే మన బిడ్డకు ఉన్న చెవి వారికి లేదు. సిద్ధాంత వ్యాసాన్ని చాలా చోట్ల ఇంగ్లీషులోనే రాయవలసి వస్తుంది, నిజమే. అది అభ్యాసంతో వచ్చే విద్య. అవ్వ అరుగు మీద కూర్చొని చెప్పే మాటలోని మెలిక పట్టుకోవడం అంత సులభంగా వచ్చేది కాదు.

ఇక నియమాల సంగతి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నిబంధనల ప్రకారం 55 శాతం మార్కులతో ఎం.ఏ. చేసినవారు, లేదా నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకున్నవారు పిహెచ్.డి.కి అర్హులు. కాలపరిమితి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మహిళలకు మరో రెండేళ్ల సడలింపు ఉన్నది. ఉద్యోగంలో ఉన్న ఉపాధ్యాయులు పై అధికారుల నిరభ్యంతర పత్రంతో పార్ట్‌టైమ్‌గా చేయవచ్చు. 2024 జూన్ నుండి నెట్ పరీక్ష మార్కులను పిహెచ్.డి. ప్రవేశానికీ పరిగణిస్తున్నారు. అందులో జె.ఆర్.ఎఫ్. సాధించినవారికి 2023 జనవరి నుండి వర్తించేలా పెంచిన రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000 రూపాయలు. చెన్నైలో 1971లో, బెంగళూరులో 1972లో నెలకొన్న సాంఘిక శాస్త్ర పరిశోధనా సంస్థలు మన ఇళ్లకు దగ్గరలోనే ఉన్నాయి.

కష్టాలను దాచి చెప్పడం న్యాయం కాదు. తోటివారు సంపాదనలో పడి ఇల్లు కట్టుకునే వయసులో మన బిడ్డ ఇంకా ప్రశ్నావళి పట్టుకొని బస్సులెక్కుతూ ఉంటాడు. శాశ్వత అధ్యాపక ఉద్యోగాలు తక్కువ, పోటీ ఎక్కువ. ఆడపిల్ల అయితే పెళ్లెప్పుడని బంధువులు రోజూ అడుగుతారు. పర్యవేక్షకుని బట్టి ఈ అయిదారేళ్లు వరమో శాపమో అవుతాయి కనుక, చేరేముందే ఆయన పాత విద్యార్థులను కలిసి విచారించాలి. పేరుకు ముందు ‘డాక్టర్’ అన్న మాట కోసమే అయితే ఈ దారి వద్దు. తనను నిద్రపోనివ్వని ప్రశ్న ఒకటి ఉన్న బిడ్డ మాత్రం అడిగితే కాదనకండి.

మరొక్క మాట, కొంత చేదుగానే చెబుతున్నాను. నిజమైన పరిశోధన మనల్ని పొగడటానికి పుట్టదు. తెలుగు విభాగంలో చివరిదాకా మిగిలినది ఎవరి పిల్లలు, అందరికన్నా ముందు వెళ్లిపోయినది ఎవరి పిల్లలు అని అది అడుగుతుంది. భాష కోసం వేదికలెక్కే పెద్దల మనుమలు ఏ బడిలో చదువుతున్నారని అడుగుతుంది. ఏ కులం మాట్లాడే తెలుగును మనం తెలుగుగా లెక్కించలేదో కూడా అడుగుతుంది. ఆ జవాబు మనకు రుచించకపోయినా, చెప్పిన బిడ్డను ద్రోహి అనకూడదు. రోగం తెలియకుండా మందు వేయలేము.

ఉపాధ్యాయులకు నా విన్నపం: మీ బడిలోని పాత అడ్మిషన్ రిజిస్టర్లను చెదలకు వదలకండి. ఏ ఏట ఎందరు చేరారో, ఎందరు మానేశారో, ఎన్ని నెలలు తెలుగు పంతులు లేడో ఒక పుస్తకంలో రాసి ఉంచండి. రేపటి పరిశోధకునికి అదే మూలధనం. తల్లిదండ్రులకు నా విన్నపం: చరిత్ర పుస్తకాన్ని ఇష్టంగా చదివే బిడ్డ ఇంట్లో ఉంటే, ‘దానితో ఏమొస్తుంది’ అని అనేముందు ఒక్క క్షణం ఆగండి. ఊరికి ఒక్కరు ఈ దారి పట్టినా చాలు. మన బడి ఎందుకు మూతపడిందో చెప్పడానికి, ఇంకా మూతపడనివాటిని కాపాడటానికి మనకంటూ ఒక సాక్షి దొరుకుతాడు.