పాస్ అను మాట

పరీక్షాఫలితములు వెలువడిన దినమున మా పాఠశాల వాకిటను, ఊరి వీధులలోను వినవచ్చు ప్రశ్న యొక్కటే: "అబ్బాయి పాసా, ఫెయిలా?" ఆంగ్లము నేర్వని తల్లిదండ్రుల నోటను ఈ రెండును తెలుగు మాటలవలెనే పలుకుచున్నవి. వీనిలో మొదటిదానిని మనము మిక్కిలి కుదించి వాడుచున్నామనియు, అందువలన విద్యార్థులకు భాషయందును మనస్సునందును నష్టము కలుగుచున్నదనియు మా యభిప్రాయము.

లాటిను భాషలో "అడుగు" అను నర్థముగల పాసుస్ అను పదము ఈ మాటకు మూలము. అది ఫ్రెంచి ద్వారా ఆంగ్లమునకు వచ్చినది. కావున ముందునకు సాగుట, దాటిపోవుట అనునవి దీని ముఖ్యార్థములు. నంద్యాల–ఎర్రగుంట్ల రైలుమార్గము 2016 లో ప్రారంభమైనది. ఆ బండి మన యూరిమీదుగా పోవునని చెప్పుటకు "ది ట్రెయిన్ పాసెస్ త్రూ బనగానపల్లె" అనవలెను. నంద్యాలనుండి గిద్దలూరునకు పోవు త్రోవలో నల్లమల నడుమనున్న నందికనుమవంటి దారికిని ఆంగ్లమున పాస్ అనియే పేరు. అది కొండను దాటించును గదా. భోజనపు బల్లయొద్ద "పాస్ ది సాల్ట్" అనిన, ఉప్పు ఇటు అందింపుమని యర్థము. కాలము గడచుటకును, చట్టసభలో బిల్లు నెగ్గుటకును, బస్సులో చూపు చీటికిని ఈ మాటయే. విలియం టిండేల్ 1530 లో ముద్రించిన యనువాదమున పస్కాకు వాడిన "పాసోవర్" అను పేరును దాటిపోవుటనే తెలుపును.

కొన్ని జాగ్రత్తలు గలవు. "పాస్డ్ అవే" అనిన మరణించెనని యర్థము. "పాస్డ్ అవుట్" అని మన దేశమున చదువు ముగించుటకు వాడుదురు గాని, అన్యదేశీయులు పలువురు మూర్ఛిల్లెనని గ్రహింతురు. కావున దరఖాస్తులలో "కంప్లీటెడ్" అని వ్రాయుట మేలు. "హాఫ్ పాస్ట్ టెన్" లోని మాటయు, పాస్ యొక్క భూతకాలరూపమును ఒకే రీతిగా వినబడును. క్రియయైనచో చివర ఇ, డి అక్షరములును, రెండవదానికి టి అక్షరమును వ్రాయవలెను.

ఇక మనస్సునకు కలుగు నష్టము. కొన్నియేండ్ల క్రిందట ఒక బాలుడు గణితమున తప్పి, రెండు వారములు ఇల్లు వెడలలేదు. వాడు ఎదుటబడినప్పుడు మేము అడిగిన తొలిమాటయు "పాసా?" అనియే. వాడు బదులు చెప్పక తలవంచుకొని పోయెను. ఏ లెక్కలు రాలేదని యడిగియుండిన, ఆ దినముననే పలక పట్టుకొని కూర్చుండెడివారము. ఆ వేసవి సప్లిమెంటరీ పరీక్షలో వాడు ఉత్తీర్ణుడయ్యెను గాని, మా ప్రశ్న మాకు నేటికిని గుచ్చుకొనుచున్నది.

కనుమను నేడు దాటలేనివాడు రేపు దాటవచ్చును. దాటినవాడును అక్కడ కాపురముండడు. ఆవలి త్రోవ నడువవలసినదే. ముప్పదియైదు మార్కులతో చదువు ముగిసినదనుకొనుటయు, అవి రానందున బ్రదుకు ముగిసినదనుకొనుటయు, రెండును పొరపాటే. కావున ఈ యేడు ఫలితములు వచ్చిన దినమున తల్లిదండ్రులు బిడ్డను "ఎంతవరకు వచ్చితివి? ఎచ్చట ఆగితివి?" అని యడుగుదురుగాక యని కోరుచున్నాము. మేమును అట్లే యడుగుదుము.