వేసవిలో కోళ్లకు విటమిన్లు: ముందు చల్లని నీరు, తరువాతే పొట్లం

ఎండలు ముదిరి రోహిణి కార్తె సమీపించేసరికి కోళ్ల ఫారాలలో విటమిన్ సి, విటమిన్ ఇ పొట్లాల వాడకం పెరుగుతుంది. ఈ వాడకానికి శాస్త్రీయమైన ఆధారం ఉంది. అయితే షెడ్డులోని వేడిని తగ్గించకుండా విటమిన్లపైనే భారం వేయడం చిన్న రైతుకు ఖర్చునే మిగులుస్తుంది.

కోళ్లకు స్వేద గ్రంథులు లేవు. గుడ్ల కోళ్లకు సుమారు 18 నుండి 24 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అనుకూలం. తెలంగాణ, రాయలసీమ ప్రాంతాలలో మే నెలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం పరిపాటి. అప్పుడు కోడి ప్రధానంగా వగర్చడం ద్వారానే ఒంటి వేడిని వెలుపలికి పంపుతుంది. దీనివలన రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ అధికంగా వెలుపలికి పోయి, పెంకు తయారీకి కావలసిన బైకార్బొనేట్ తగ్గుతుంది. మేత తగ్గడంతో కాల్షియం కూడా కొరవడి, పెంకు పలుచబడి గుడ్లు పగులుతాయి.

సాధారణ పరిస్థితులలో కోడి తనకు కావలసిన విటమిన్ సి ని మూత్రపిండాలలో తయారు చేసుకుంటుంది. తీవ్రమైన వేడిలో అది చాలదు. అందువల్లనే కిలో దాణాకు 200 నుండి 250 మిల్లీగ్రాముల విటమిన్ సి కలపడం వాడుకలోకి వచ్చింది. విటమిన్ ఇ కణజాలాన్ని ఆక్సీకరణ నష్టం నుండి కాపాడుతుంది. ఇవి నష్టాన్ని తగ్గిస్తాయే తప్ప, దానికి మూలమైన వేడిని తొలగించవు.

పైగా నీటిలో కలిపిన విటమిన్ సి వేడికి, వెలుతురుకు, ఇనుము, రాగి లవణాలకు త్వరగా క్షీణిస్తుంది. ఎండలో ఉన్న ట్యాంకులో ఉదయం కలిపినది మధ్యాహ్నానికి చాలావరకు వ్యర్థమవుతుంది. వేడెక్కిన నీటిని కోడి తగినంత త్రాగదు కూడా.

కాబట్టి విస్తరణ సిఫారసులలో వరుస మారవలసి ఉంది. ట్యాంకుకు నీడ, పైకప్పుకు సున్నం లేదా వరిగడ్డి, గాలి ఆడే షెడ్డు, తెల్లవారుజామున, సాయంత్రం మేత మొదట రావాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉండే కోస్తాలో నీటి తుంపరల కంటే గాలి కదలికకే ప్రాధాన్యమివ్వాలి. విటమిన్లు ఆ తరువాతి మెట్టు. పరిశోధనలు సైతం రైతుల షెడ్లలోనే జరిగి, తగ్గిన పగులు గుడ్ల విలువను విటమిన్ ఖర్చుతో పోల్చి చూపినప్పుడే సిఫారసు రైతుకు అక్కరకు వస్తుంది.