కూలీకి రెండు ఫోటోలు, పార్లమెంటుకు మూజువాణి ఓటు

2025 డిసెంబర్ 18న లోక్‌సభలో, ఆ అర్ధరాత్రి దాటాక రాజ్యసభలో, ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టం పాసైంది. రెండు చోట్లా మూజువాణి ఓటే. ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో పేరుపేరునా లెక్క లేదు. అవునన్న గొంతులు ఎక్కువ వినపడ్డాయి గనుక బిల్లు గెలిచినట్టు. కోట్లాది గ్రామీణ పేదల కూటికి సంబంధించిన వ్యవహారం అలా గొంతుల మీద తేలిపోయింది.

అదే చట్టం కింద మట్టి మోసిన కూలీ సంగతి వేరు. ఆమె పనికి వచ్చినట్టు పొద్దున ఒక ఫోటో, పని చేసినట్టు తర్వాత ఇంకో ఫోటో, ఏ చెరువు గట్టున నిలబడి దిగిందో ఆ చోటు గుర్తుతో సహా ఢిల్లీ కంప్యూటరుకు చేరాలి. చేరకపోతే ఆ రోజు హాజరు లేదు, హాజరు లేకపోతే కూలి లేదు. 2025-26లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ కూలి రోజుకు 307 రూపాయలు. మూడు వందల రూపాయల మనిషికి రెండు సాక్ష్యాలు కావాల్సి వచ్చాయి; చట్టాన్నే మార్చేసిన మనిషికి ఒక్క సాక్ష్యమూ అక్కర లేకపోయింది. దీని గురించి నాలుగు మాటలు చెప్పదలిచాం. పాలకులను తిట్టి ఊరుకునే ఉద్దేశం మాకు లేదు, మనవాళ్లనూ రెండు మాటలు అనక తప్పదు.

ఈ ఫోటోల కథ 2021 మే నెలలో మొదలైంది. ముందు ఇష్టమున్నచోట అన్నారు. 2022 మే 16 నుంచి ఇరవై మంది, అంతకు మించి పనిచేసే చోటల్లా తప్పనిసరి అన్నారు. 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనులకూ అన్నారు. 2005 నాటి చట్టంలో ఎక్కడా ఈ మాట లేదు. పార్లమెంటులో చర్చ లేదు, గ్రామసభను అడిగింది లేదు. ఒక ఉత్తర్వు వచ్చింది, ఫోన్లో ఒక యాప్ దిగింది, అంతే.

ఆ యాప్‌ను తయారుచేసినవాళ్లు మన ఎండాకాలం పని చూసినట్టు లేదు. మన దగ్గర కూలీలు తెల్లవారుజామున, కోడి కూసే వేళకు లేచి, సద్ది కట్టుకుని పోతారు. గడ్డపారతో నేల పగలగొట్టి, తట్ట నెత్తినెత్తుకుని, పది పదకొండు గంటలకల్లా కొలత ప్రకారం ఇచ్చిన గుంత పూర్తి చేసి ఇంటిదారి పడతారు. ఎందుకంటే ఆ తర్వాత ఎండలో మనిషి నిలవలేడు. కూలి ఇచ్చేది గంటలకు కాదు, కొలతకు. ఎన్ని ఘనపు మీటర్లు తవ్వితే అంత. అలాంటప్పుడు రెండో ఫోటో కోసం మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టడం దేనికి? గుంత అక్కడే ఉంది, టేపు పట్టి కొలుచుకోవచ్చు. గుంత చెప్పే సాక్ష్యం చాలదట, మొహం చెప్పాలట. చంటిపిల్లల తల్లులు ఇంటికి పోయి మళ్లీ మూడు కిలోమీటర్లు నడిచి వచ్చింది మేము ఊరూరా చూశాం. సిగ్నల్ కోసం మేటు ఫోను పట్టుకుని గుట్ట ఎక్కడమూ చూశాం. అప్‌లోడ్ కాని రోజు కూలి ఎవరిస్తారని అడిగితే సమాధానం చెప్పే మనిషి మండల ఆఫీసులో దొరకడు. "పైన సర్వరు" అంటాడు. వెనక జమీందారు దగ్గర మొర పెట్టుకోవాలంటే కనీసం వాడి గడప ఎక్కడుందో తెలిసేది. ఈ సర్వరుకు గడప లేదు.

ఇంకో దెబ్బ చాలామందికి దెబ్బ అని కూడా తెలియలేదు. ఎండలో నేల గట్టిపడి పని తగ్గుతుంది కాబట్టి ఫిబ్రవరి నుంచి జూన్ దాకా 20 నుంచి 30 శాతం వరకు వేసవి భత్యం మన దగ్గర కలిపి ఇచ్చేవారు. రాష్ట్రం సొంత సాఫ్ట్‌వేర్‌ను వదిలి కేంద్రం సాఫ్ట్‌వేర్‌లోకి మారాక ఆ భత్యం ఊడిపోయింది. కూలి తగ్గించామని ఏ మంత్రీ ప్రకటించలేదు. ప్రకటించి ఉంటే కలెక్టరేట్ల ముందు ధర్నాలు జరిగేవి. సాఫ్ట్‌వేర్ మారిందంటే ధర్నా ఎవరి మీద చేయాలి? కూలి కోతను కోత అనకుండా చేయడం నేర్చుకున్నారు పాలకులు.

పేర్ల కోత కూడా ఇలాంటిదే. ఆధార్ ముడి పెడితే తప్ప చెల్లింపు లేదని తరిమిన రోజుల్లో, 2022-23 ఒక్క ఏడాదిలోనే 5 కోట్ల 18 లక్షల కూలీల పేర్లు జాబితాల నుంచి తొలగించినట్టు కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. అంతకు ముందు ఏడాది ఆ సంఖ్య కోటీ 49 లక్షలు. దొంగ కార్డులనీ, చచ్చిపోయారనీ, పని అక్కర్లేదన్నారనీ కారణాలు రాశారు. పని అక్కర్లేదన్న కూలీ ఎలా ఉంటాడో మాకు తెలియదు, ఇన్నేళ్లలో తారసపడలేదు. తర్వాత 2025 అక్టోబర్, నవంబర్ నెలల్లో ముఖం చూపించి పేరు నిలబెట్టుకోమన్న ఐదు వారాల్లో దేశం మొత్తం మీద దాదాపు 27 లక్షల పేర్లు పోయాయనీ, వాటిలో సగానికి పైగా ఆంధ్రప్రదేశ్‌వేననీ పరిశోధకులు లెక్క తీశారు.

సరే, దొంగతనం ఆగిందా? 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒక ఉత్తర్వులో ఒప్పుకుంది. పనికి సంబంధం లేని ఫోటోలు ఎక్కిస్తున్నారు, పాత ఫోటోకు మళ్లీ ఫోటో తీసి పంపుతున్నారు, ఫోటోలో ఉన్న మనుషుల సంఖ్యకూ మస్టరులో సంఖ్యకూ పొంతన లేదు, అని. మరి విరుగుడు ఏమిటి? పంచాయతీ స్థాయిలో ప్రతి ఫోటోనూ మనిషి కూర్చుని సరిచూడాలట! మనిషిని నమ్మలేక యంత్రం తెచ్చారు, యంత్రాన్ని నమ్మలేక మళ్లీ మనిషిని పెట్టారు. మధ్యలో నలిగింది నిజంగా తవ్విన కూలీ.

ఇక్కడే మనవాళ్ల మాట. ఫోటోకు ఫోటో తీసింది ఢిల్లీవాళ్లు కాదు. మన ఊరి మేటు, మన ఊరి మనుషులు. పనికి రాని పెద్దమనిషి ఇంటి కోడలి పేరు మస్టరులో ఉంటే, నిజంగా వచ్చిన పదిమందీ నోరు మూసుకున్నారు. ఎందుకు? రేపు ఆ ఇంటి చేలో కలుపుకు పోవాలి గదా. ఆ భయం మాకు అర్థం కాదని కాదు. కానీ తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు ఆ మౌనంలో ప్రతి ఒక్కరి వంతూ ఉంది. ఆ మౌనాన్ని చూపించే పైవాడు "మీరంతా దొంగలే, మీకు కెమెరాయే మందు" అన్నాడు.

అందరూ దొంగలే అన్న మాట వినడానికి పాలకులను తిట్టినట్టే ఉంటుంది. రచ్చబండ దగ్గర రోజూ వింటాం: "ఎవడొచ్చినా ఇంతే, అందరూ అందరే." మా అనుభవంలో ఈ మాటను మించి పాలకులకు ఉపయోగపడేది లేదు. అందరూ దొంగలైతే నిఘా ఎవరి మీద పెట్టాలన్నది బలమున్నవాడి ఇష్టం. చూడండి, ఎవరి మీద పెట్టారో. కూలీ ముఖం ఫోనులో. అదే దేశంలో 2018 నుంచి 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసే దాకా, ఏ కంపెనీ ఏ పార్టీకి ఎన్ని కోట్ల బాండ్లు ఇచ్చిందో ఓటరుకు తెలియకూడదన్నది చట్టం. రెండూ సాంకేతిక విధానాలే. తట్ట మోసే మనిషిని వెలుగులో పెట్టాయి, సంచి మోసే మనిషిని చీకట్లో పెట్టాయి.

రైతు సోదరులకు కూడా ఒక మాట. ఈ పేజీ చదివేవాళ్లలో ఐదెకరాల లోపు రైతులే ఎక్కువ గనుక మొహమాటం లేకుండా అంటున్నాం. ఉపాధి పని వచ్చాక కూలీలు దొరకడం లేదనీ, చెట్టుకింద కూర్చుని డబ్బు తీసుకుంటున్నారనీ మీలో చాలామంది అన్నారు. ఫోటో హాజరు వచ్చినప్పుడు "బాగా అయింది" అన్నవారూ ఉన్నారు. కొత్త చట్టంలో వ్యవసాయ పనుల రోజుల్లో మొత్తం 60 రోజుల పాటు ఉపాధి పనులు ఆపుకోవచ్చునంటే సంతోషించినవారూ ఉన్నారు. అన్నా, మీకు గిట్టుబాటు ధర ఇవ్వనివాడు మీ కష్టాన్ని కూలీ కడుపు మీదకు తోశాడు. అంతకు మించి అందులో రైతు ప్రయోజనం ఏదీ లేదు.

కూలీ గుడిసెకు వచ్చిన యంత్రం రైతు ఇంటికి రాకుండా ఆగలేదు కూడా. తెలంగాణలో 2020 సెప్టెంబర్‌లో గ్రామ రెవెన్యూ అధికారులను తీసేశారు, అక్టోబర్ 29న ధరణి తెరిచారు. ఊళ్లో లంచగొండి పోయాడని పండగ చేసుకున్నాం. తీరా చూస్తే పహాణీలో ఉండే అనుభవదారు కాలం మాయమైంది. కౌలుదారు, సాదాబైనామా మీద కొన్నవాడు, ముప్పై ఏళ్లుగా దున్నుతున్నవాడు కంప్యూటరులో లేడు. ఒక సర్వే నంబరు తప్పు పడితే దిద్దే అధికారం ఊళ్లో లేదు, మండలంలో లేదు, జిల్లా కలెక్టరు దాకా పోవాలి. ఆ రోజు రైతు కూడా అడిగాడు, "ఎవరిని అడగాలి?" అని. కూలీ అప్పటికే అడుగుతున్న ప్రశ్నే అది. పట్నంలో పేదలకు రేషన్ కార్డుల రూపంలో వచ్చింది. 2014, 2019 మధ్య తెలంగాణలో రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను తిరిగి తనిఖీ చేయమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. రిక్షా తొక్కే మనిషిని, పేరు కలిసిన పాపానికి, కారున్న వేరే మనిషిగా కంప్యూటరు లెక్కగట్టి ఆ కుటుంబం బియ్యం ఆపేసిన సంగతి తర్వాత పత్రికల్లో వచ్చింది.

ఓటు ఏమీ చేయలేదా అంటే, చేసింది. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద కదిలిన జనంపై కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. హైటెక్ పాలన అని దేశదేశాల పొగడ్తలందుకున్న ప్రభుత్వం 2004లో పడిపోయింది, రైతుకు ఉచిత కరెంటు వచ్చింది. ధరణిని బంగాళాఖాతంలో వేస్తామన్నవాళ్లు 2023లో గెలిచారు, 2025లో భూభారతి చట్టం తెచ్చారు. ఆంధ్రలో పాసు పుస్తకాల మీద ముఖ్యమంత్రి బొమ్మ, భూమి హక్కుల చట్టం 2024 ఎన్నికల్లో పెద్ద చర్చ అయ్యాయి, ఆ చట్టం రద్దయింది. కాబట్టి ఎవడొచ్చినా ఇంతే అన్నది పూర్తి నిజం కాదు. భూమి ఉన్నవాడి కోపానికి పార్టీలు భయపడ్డాయి. కూలీ హాజరు, కూలీ భత్యం, తీసేసిన కూలీ పేరు మాత్రం ఈ ఎన్నికల్లో దేనిలోనూ పెద్ద మాట కాలేదు. కూలీలు లేక కాదు, కూలీలు అడగక.

ఓటుకు డబ్బు తీసుకున్నారు గనుకనే అడగలేరని పట్నం పెద్దమనుషులు అంటారు. 2021 అక్టోబర్‌లో హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు, పక్కవాళ్లకు డబ్బు ఇచ్చి మాకు ఇవ్వలేదని జనం రోడ్డెక్కిన వార్తలు చదివి నవ్వుకున్నారు. మాకు నవ్వు రాలేదు. ఐదేళ్లలో ఆ రాజ్యం తన చేతిలో పెట్టే నగదు ఆ కవరు ఒక్కటే అనుకునే స్థితికి మనిషిని తెచ్చినవాళ్లెవరు? అయినా మేము ఆ కవరును సమర్థించం. మా సంఘం సభ్యులకు మేము చెప్పేది ఇదే: కవరు తీసుకున్నా, తీసుకోకపోయినా, నిలదీసే హక్కు పోదు; అది కవరులో నుంచి రాలేదు. కవరు తీసుకుని "నేను తిన్నాను గదా, ఇక ఏం అడుగుతాను" అని తల వంచుకోవడం ఉంది చూశారూ, ఆ తల వంపు కోసమే వాళ్లు ఖర్చు పెట్టేది.

యంత్రం మీద మాకు పగ లేదు. ఉపాధి హామీ దేశంలో మొదట అడుగుపెట్టింది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. ఆ రోజుల్లోనే ఉమ్మడి రాష్ట్రంలో మస్టర్లు, కొలతలు, చెల్లింపులు కంప్యూటరుకెక్కాయి. ఆ కాగితాలే ముద్రించి తీసుకొచ్చి, సామాజిక తనిఖీలో ఇంటింటికీ తిరిగి అడిగి, చివరకు జనం ముందు పేరుపేరునా చదివేవారు. ఫలానా సుబ్బమ్మకు ఇరవై రోజుల కూలి అని చదివితే, సుబ్బమ్మ లేచి "నాకు పన్నెండు రోజులే ముట్టింది సారూ" అనేది. రాబట్టిన సొమ్ము తక్కువే, శిక్షలు ఇంకా తక్కువే, ఆ లోపం ఉంది. కానీ అప్పుడు కంప్యూటరు పైవాడి లెక్కను కిందివాడికి చూపించింది. ఇప్పుడు కిందివాడి ముఖాన్ని పైవాడికి చూపిస్తోంది. మొహం చూసిన అధికారి బిల్లు మాత్రం చూపించడు.

కొత్త చట్టం ఈ వాలును చట్టంలోకే ఎక్కించింది. వేలిముద్ర, ముఖ గుర్తింపు, ఫోను నిఘా, కృత్రిమ మేధ అన్నిటికీ అందులో చోటు దొరికింది. 125 రోజులన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంది. ఖర్చులో 40 శాతం రాష్ట్రాలు భరించాలన్నది అంత పెద్ద అక్షరాల్లో లేదు. అప్పుల్లో ఉన్న మన రాష్ట్రాలు ఆ డబ్బు పెట్టకపోతే 125 కాస్తా ఎంతకు దిగుతుందో కూలీలకు లెక్క చెప్పనక్కర్లేదు.

అందుకే ఈ నెల ప్రతి ఊళ్లోనూ ఒక పని జరగాలి. పని కావాలని నోటితో అడిగి రాకండి. కాగితం మీద రాసివ్వండి, తేదీ వేసిన రశీదు తీసుకోండి. అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలన్న మాట పాత చట్టంలోనూ ఉంది, కొత్త చట్టంలోనూ ఉంది. రశీదు ఇవ్వనంటే ఇద్దరు సాక్షులతో కలిసి అక్కడే కూర్చోండి. పేరు తీసేసినవాళ్ల జాబితా పంచాయతీ గోడకు అంటించమని గ్రామసభలో తీర్మానం పెట్టండి. మీ ఎంపీ ఊళ్లోకి వస్తే, డిసెంబర్ 18న ఆయన గొంతు ఏ వైపు పలికిందో మైకులో చెప్పమనండి. చెప్పేటప్పుడు ఒక ఫోటో తీయండి, పోయేముందు ఇంకొకటి.