చీరాల టికెట్టు

గుంటూరులో ఇంటర్ చదివిన రెండేళ్లూ ప్రతి శనివారం సాయంత్రం ఇంటికి బస్సెక్కేవాణ్ణి. నేను దిగాల్సింది పొన్నూరులో. కండక్టరు దగ్గరికొచ్చి "ఎక్కడికి?" అనగానే నా పెదాలు అతుక్కుపోయేవి. 'ప' పలకాలంటే పెదాలు రెండూ కలిసి విడిపోవాలి. నావి కలిసేవి, విడిపోయేవి కావు. ఊపిరి గొంతులోనే ఆగేది. మెడనరాలు బిగుసుకునేవి, కళ్లు మూతపడేవి. వెనక సీట్లోంచి కిసుక్కున నవ్వు. కొన్ని వారాలకు ఒక దారి తోచింది. ఆ బస్సు పొన్నూరు, బాపట్ల మీదుగా చీరాల దాకా వెళ్తుంది. 'చీరాల' అనే మాట నాకెప్పుడూ అడ్డం తిరగలేదు. అప్పట్నుంచి చీరాల టికెట్టు కొని పొన్నూరులో దిగేవాణ్ణి. "చీరాలన్నావుగా అబ్బాయ్, ఇక్కడ దిగుతున్నావేం?" అని ఒక కండక్టరు అడిగాడు. "పనుంది" అందామనుకున్నాను. అదీ 'ప'తోనే. తల దించుకుని దిగిపోయాను.

వెళ్లని ఊరికి రెండేళ్లు డబ్బు కట్టాను, అమ్మ ఇచ్చిన చిల్లరలోంచి. ఆ సంగతి ముప్పయ్యేళ్లు ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి చెప్పింది హైదరాబాదులో ఒక పార్కులో, చెట్టు కింద గుండ్రంగా కూర్చున్న పదిమందికి. చెప్పడానికి చాలాసేపే పట్టింది. ఒక్కరూ గడియారం చూడలేదు, ఒక్కరూ నా మాట అందుకుని పూర్తిచేయలేదు. నేను ముగించాక ఎదురుగా ఉన్న పెద్దాయన, పెసరట్టు తినాలని ఉన్నా హోటల్లో ఇరవయ్యేళ్లు ఇడ్లీయే చెప్పానన్నాడు. ఇంకొకతను వైవా ఉంటుందని ఎమ్మెస్సీ వదులుకున్నాడు. మరొకతను కూతురికి భార్య ఇష్టపడిన పేరు వద్దని, తన నోటికి పలికే అక్షరంతో వేరే పేరు పెట్టాడు. ఎందుకో ఆమెకు ఈనాటికీ తెలియదట. అందరి జేబుల్లోనూ ఒక్కో చీరాల టికెట్టు ఉందని ఆ పొద్దున నాకు తెలిసింది.

నత్తి అంటే మాట తెలియకపోవడం కాదు. చెప్పాల్సింది ఏమిటో మాకు స్పష్టంగా తెలుసు. మొదటి అక్షరం మళ్లీ మళ్లీ వస్తుంది, లేదా సాగిపోతుంది, లేదా అసలు నోరే పెగలదు. ఈ చివరిదాన్ని మేం బ్లాక్ అంటాం. సాధారణంగా రెండేళ్లకూ అయిదేళ్లకూ మధ్య మొదలవుతుంది. నూటికి సుమారు అయిదుగురు పిల్లల్లో ఏదో ఒక దశలో కనిపిస్తుంది. వారిలో ఎక్కువమందికి దానంతటదే పోతుంది. పెద్దయ్యాకా మిగిలేది ఇంచుమించు నూటికి ఒకరికి. 2011 జనాభా లెక్కల్లో రెండు తెలుగు రాష్ట్రాలు కలిపి ఎనిమిది కోట్ల నలభై అయిదు లక్షల పైచిలుకు. ఆ చొప్పున చూస్తే మేం ఎనిమిది లక్షలమందికి తక్కువ ఉండం. ఇంతమందిమి ఉండీ, నత్తి ఉన్న ఇంకో మనిషితో తీరిగ్గా కూర్చుని మాట్లాడేసరికి నాకు నలభై ఏడేళ్లు వచ్చాయి. దానికి కారణం ఉంది. మేం ఒకరికొకరం తారసపడకుండా జాగ్రత్తపడతాం. బస్సులో ఎవరైనా తడబడుతుంటే నేను కిటికీలోంచి బయటికి చూసేవాణ్ణి. అతని పక్కన నిలబడితే నా గుట్టు బయటపడుతుందని భయం.

తనకూ నత్తి ఉన్న అమెరికన్ మనస్తత్వవేత్త జోసెఫ్ షీహన్ దీన్ని నీళ్లలో తేలే మంచుకొండతో పోల్చాడు. పైకి వినిపించే తడబాటు కొంచెమే. సిగ్గు, భయం, తప్పించుకునే ఎత్తులు నీళ్ల కింద ఉండే పెద్ద భాగం. నా జీవితంలో ఆ కింది భాగాన్ని పెంచింది శత్రువులెవరూ కాదు, నన్ను ప్రేమించినవాళ్లే. మా నాయనమ్మ వసకొమ్ము అరగదీసి తేనెతో నాలుక మీద రాసేది. వస తింటే పిల్లలు వసపిట్టల్లా మాట్లాడతారని మన ఇళ్లలో నమ్మకం. అమ్మ నా కోసం పొన్నూరు ఆంజనేయస్వామికి తమలపాకుల పూజ చేయిస్తానని మొక్కుకుంది. కిష్కింధకాండలో హనుమంతుడి మాటతీరును రాముడే మెచ్చుకుంటాడు, తొందరా లేదు, తడబాటూ లేదు అని. అందుకే ఆ స్వామి. గుళ్లో అమ్మ కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటుంటే, నాలో సరిచేయాల్సిందేదో చాలా పెద్దదే ఉందని నాకు అర్థమైంది. అప్పటికి నాకు ఆరేళ్లు.

బడిలో ఇంకో చిక్కు వచ్చింది. ఎక్కాలు, పద్యాలు అందరితో కలిసి చెప్పేటప్పుడు నా గొంతు గణగణమనేది. ఒక్కణ్ణే లేచి చెప్పమంటే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేవాణ్ణి. "గుంపులో వచ్చేది ఒంటరిగా ఎందుకు రాదురా? నటిస్తున్నావు" అని మాస్టారు అరచేతులు వాచేలా కొట్టారు. ఇందులో నటన లేదు. నత్తి ఉన్నవాళ్లలో ఎక్కువమంది పదిమందితో కలిసి చదివినప్పుడు తడబడరు. పాట పాడినప్పుడూ, ఒంటరిగా ఉన్నప్పుడూ, పసిపిల్లలతోనూ పశువులతోనూ మాట్లాడినప్పుడూ అంతే. వాక్చికిత్స నేర్చుకునే మొదటి పాఠాల్లోనే ఈ సంగతి ఉంటుంది. ఉపాధ్యాయ శిక్షణలో ఒక్క పూట దీనికి కేటాయిస్తే ఎన్ని చేతులు వాపు తప్పించుకుంటాయో.

నాలుక మందమనీ, భయస్థుడనీ, ఎవరినో వెక్కిరిస్తే వచ్చిందనీ అంటారు. కానీ మాట పుట్టించే మెదడు భాగాల మధ్య అనుసంధానంలో, సమయం కుదరడంలో ఉండే తేడాను పరిశోధకులు చూపించారు. 2010లో డెనిస్ డ్రేనా బృందం పాకిస్తాన్‌లోని కుటుంబాలను పరిశీలించి, నత్తితో సంబంధమున్న జన్యువుల్లో మార్పులను గుర్తించింది. భయం వల్ల నత్తి రాదు. నత్తి వల్ల భయం వస్తుంది, ఆ భయం మళ్లీ నత్తిని బిగిస్తుంది.

పెద్దల మాటకు ఎంత బరువుందో చెప్పడానికి అమెరికాలో జరిగిన ఒక ఘోరాన్ని తలచుకోవాలి. 1939లో అయోవా రాష్ట్రంలో వెండెల్ జాన్సన్ అనే ఆచార్యుడి పర్యవేక్షణలో 22 మంది అనాథ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. చక్కగా మాట్లాడే కొందరు పిల్లలకు, మీకు నత్తి వస్తోంది, జాగ్రత్తగా మాట్లాడండి, సరిగ్గా రాకపోతే నోరే తెరవకండి అని పదే పదే చెప్పారు. వాళ్లకు నత్తి రాలేదు. కానీ ముడుచుకుపోయారు, మాట్లాడటానికే జంకారు. 2001లో విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. 2007లో రాష్ట్రం 9 లక్షల 25 వేల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. జాన్సన్‌కూ చిన్నప్పట్నుంచి నత్తే, దాని మూలం కనిపెట్టాలన్న తపనతోనే ఇదంతా చేశాడు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "నెమ్మదిగా చెప్పు నాన్నా, ఊపిరి పీల్చుకుని చెప్పు" అని మన ఇళ్లలో రోజుకు పదిసార్లు అంటాం. అందులో ప్రేమ ఉంది, నిజమే. బిడ్డకు వినపడేది మాత్రం, నువ్వు మాట్లాడేది తప్పు అని.

"21 రోజుల్లో నత్తి మాయం" అనే గోడరాతలను నమ్మి నేనూ డబ్బు పోగొట్టుకున్నాను. ఆ గదిలో తలుపులు మూసి సాగదీసి మాట్లాడటం నేర్పారు. అక్కడున్నన్నాళ్లూ మాట బాగానే వచ్చింది, బయట మొదటి ఫోనుకే పోయింది. సరైన వాక్చికిత్స వేరు. చిన్నపిల్లల విషయంలో అది నిజంగా మేలు చేస్తుంది, ఆలస్యం చేయకూడదు. మైసూరులో 1965 నుంచి అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. ముంబయిలో మన హైదరాబాదు మనిషి అలీ యావర్ జంగ్ పేరిట ఉన్న జాతీయ సంస్థకు సికింద్రాబాదు మనోవికాస్ నగర్లో ప్రాంతీయ కేంద్రం ఉంది. నాలుగేళ్ల బిడ్డ తడబడుతుంటే వసకొమ్ము వెతికే ముందు అక్కడికి తీసుకెళ్లండి. కానీ నలభై ఏడేళ్ల నాకు కావాల్సింది మరొకటి. అది ఏ గదిలోనూ ఎవరూ అమ్మలేదు.

డెహ్రాడూన్ ప్రాంతంలో డాక్టర్ సత్యేంద్ర శ్రీవాస్తవ, ఆయన మిత్రులు కలిసి ద ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ పెట్టారు. అందరూ టీసా అంటారు. ఆయనకూ నత్తి ఉంది. నయం చేస్తామని వాళ్లు ఎవరికీ మాట ఇవ్వరు. నత్తి ఉన్నవాళ్లు తమంతట తాము ఊరూరా కలుసుకునే స్వయం సహాయక బృందాలు ఉండాలన్నదే వాళ్ల ఆలోచన. స్వయం సహాయక బృందం అంటే మనకు డ్వాక్రా మహిళలు గుర్తొస్తారు. ఒంటరిగా బ్యాంకు గడప తొక్కడానికి జంకిన ఆడవాళ్లు పదిమందిగా వెళ్లి మేనేజరు ముందు కూర్చున్నారు. మా పార్కులో జరిగేదీ అదే.

ఆదివారం పొద్దున కలుస్తాం. ముందు ఎవరి పేరు వాళ్లు చెప్పాలి. బయటివాళ్లకు ఇది చిన్న పని. మాలో చాలామందికి అన్నిటికంటే కష్టమైన మాట సొంత పేరే, దానికి బదులు వేరే మాట పెట్టుకోలేం కనుక. కొత్తగా వచ్చిన ఒక ఇంజనీరింగ్ కుర్రాడు తన పేరు పూర్తిచేసేసరికి పక్కన ఆడుతున్న పిల్లలు రెండు ఓవర్లు వేసేశారు. అతనికి ఏడుపొచ్చింది. పేరు రానందుకు కాదట, అది వచ్చేదాకా ఇంతమంది ఆగడం ఎప్పుడూ చూడనందుకు. తర్వాత ఒకరు ఏదో చదువుతారు, ఒకరు ఆ వారం ఎదురైన ఫోను గురించి చెబుతారు. అప్పుడప్పుడు కావాలనే నత్తిగా మాట్లాడటానికి బజారుకు వెళ్తాం. ఇది అమెరికాలో చార్లెస్ వాన్ రైపర్ నేర్పిన పద్ధతి. దాచాలనుకున్నదాన్ని మన ఇష్టంతో బయటపెడితే దాని పట్టు సడలుతుంది. కిరాణా కొట్టు ముందు నిలబడి, రాని నత్తిని తెచ్చుకుని "ప-ప-పంచదార" అన్న రోజు నా చేతులు వణికాయి. కొట్టతను పంచదార తూచి ఇచ్చాడు. అంతే. ముప్పయ్యేళ్లు నేను దేనికి భయపడ్డానో అది ఆ తక్కెడ దగ్గర జరగలేదు.

మా పదకొండు మందిలో అప్పుడు ఒక్కరే ఆడమనిషి. పెద్దవాళ్లలో నత్తి ఉన్న మగవాళ్లు నలుగురైతే ఆడవాళ్లు ఒకరని అంచనా. చిన్నప్పుడు ఆ తేడా ఇంత ఉండదు, ఆడపిల్లలకు ఎక్కువగా తగ్గిపోతుంది. అయినా మిగిలినవాళ్లు ఎందుకు కనపడరో ఆమె చెప్పింది. పెళ్లిచూపుల్లో "నువ్వు నోరెత్తకు, నేను చూసుకుంటా" అని తల్లి అందట. ఎంత అణకువ అని అబ్బాయి తరఫువాళ్లు మెచ్చుకున్నారట. మగపిల్లాడు మాట్లాడకపోతే ఇంట్లో కంగారుపడతారు, ఆడపిల్ల మాట్లాడకపోతే మంచిపిల్ల అంటారు. ఆ మెప్పు వెనక ఆమె పద్దెనిమిదేళ్లు దాక్కుంది. తన పిల్లాడి బడిలో టీచరుతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు బయటికొచ్చింది. ఈ మధ్య ఆడవాళ్ల కోసం వేరే వేళ పెట్టింది, ఇళ్ల నుంచి ఫోన్లో కలుస్తారు. మేం చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించేది అదే.

సినిమా సంగతి ఎత్తకుండా ఉండలేను. నత్తి మన తెరమీద ఏళ్లుగా నవ్వుల సరుకు. 2017లో వచ్చిన 'జై లవ కుశ'లో ఎన్టీఆర్ వేసిన జై పాత్రకు నత్తి ఉంటుంది. నాటకాలాడే మేనమామ దగ్గర పెరిగే ముగ్గురు అన్నదమ్ముల్లో నత్తి ఉన్నవాణ్ణి రంగస్థలానికి దూరం పెట్టే ఘట్టం చూసి నేను హాల్లో కదలకుండా కూర్చుండిపోయాను. అది నా బడి వార్షికోత్సవమే. కానీ కథ ఆ పిల్లాణ్ణి రావణుణ్ణి చేసింది. మాలో ఎవరం అలా మారలేదు. మాట వెనక్కి తీసుకుని, వెనక బెంచీకి వెళ్లి కూర్చున్నాం.

ఇక ఉద్యోగాల మాట. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను చేర్చింది. అందులో వాక్, భాషా వైకల్యం ఉంది. అయితే ఉదాహరణలుగా చెప్పింది స్వరపేటిక తీసేయడం, మెదడు దెబ్బతిని మాట పోవడం. నత్తి పేరు లేదు. అది చేరాలా వద్దా అన్నదానిపై మా బృందంలోనే వాదన ఉంది, సగంమందికి ఆ ముద్ర ఇష్టం లేదు. నా పట్టు చిన్నది. క్యాంపస్ ఇంటర్వ్యూల్లో, పోటీ పరీక్షల మౌఖికాల్లో, బడిలో రీడింగ్ పరీక్షలో నత్తి ఉన్నవారికి పది నిమిషాలు ఎక్కువ ఇవ్వండి. దానికి సర్టిఫికెట్టు అక్కర్లేదు, కుర్చీలో అవతల కూర్చున్నవారు ఒప్పుకుంటే చాలు. జిల్లా కేంద్రాల్లో ఆదివారాలు ఖాళీగా ఉండే గ్రంథాలయాల్లో ఒక గది మాలాంటివాళ్లకు తెరిచి ఉంచండి. అక్టోబరు 22న అంతర్జాతీయ నత్తి అవగాహన దినం, 1998 నుంచి జరుపుతున్నారు. ఆ రోజుకైనా మొదలుపెట్టొచ్చు.

మా బృందంలో తాజాగా చేరినతను ఆటో నడుపుతాడు. యాప్‌లో బుక్ చేసినవాళ్లు ఫోను చేసి "ఎక్కడున్నావ్?" అంటారు. అతనికి బ్లాక్ వస్తుంది. అవతల నిశ్శబ్దం విని సిగ్నల్ లేదనుకుని పెట్టేస్తారు, బండి రద్దు చేస్తారు. రోజుకు మూడు నాలుగు బేరాలు అలా పోయేవట. మా ఫోన్ల నుంచే అతనికి చేసి రెండు ఆదివారాలు సాధన చేయించాం. ఇప్పుడు ఎత్తగానే "నాకు నత్తి ఉంది, లైన్ల ఉండుండ్రి" అంటున్నాడు. కొందరు అప్పటికీ పెట్టేస్తున్నారు. ఎక్కువమంది ఆగుతున్నారు. ఒకావిడ ఆటో దిగుతూ, తన కొడుక్కీ నత్తేనని చెప్పి మేం కలిసే చోటు అడిగిందట. పోయిన వారం వెళ్లబోతూ నా దగ్గరకొచ్చి అడిగాడు: "అన్నా, అన్నీ వస్తున్నయ్ గని లక్డీకాపూల్ వస్తలేదు. దాని బదులు అసెంబ్లీ దగ్గర అంటున్న. దూరం అయితుంది, గిరాకీ తిడుతున్నడు."

ఈ ఆదివారం మేం పన్నెండు మందిమీ కలిసి లక్డీకాపూల్ అంటాం, ముందు అందరం, తర్వాత అతనొక్కడే.