పాట మనది, పేరెవరిది?

2022 జూలై 28న చెన్నైలో చెస్ ఒలింపియాడ్ ఆరంభ వేడుకలో 'ఎంజాయ్ ఎంజామి' పాట మోగింది. ధీ, కిడక్కుళి మారియమ్మాళ్ పాడారు. ఆ పాట రాసి, ధీతో కలిసి పాడిన అంబేద్కరైట్ ర్యాపర్ అరివు మాత్రం వేదిక మీద లేరు. ఆయన అమెరికాలో ఉండటం వల్ల రాలేకపోయారని సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ వివరణ ఇచ్చారు. కానీ ఇది మొదటిసారి కాదు. 2021 ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా పత్రిక ఈ పాట విజయాన్ని చెబుతూ వేసిన ముఖచిత్రంలోనూ అరివు లేరు. దర్శకుడు పా.రంజిత్ బహిరంగంగా నిలదీశాకే ఆయనతో మరో డిజిటల్ ముఖచిత్రం వచ్చింది.

ఈ పాటకు మూలం అరివు అమ్మమ్మ వల్లియమ్మాళ్ జీవితం. శ్రీలంక తేయాకు తోటల్లో వెట్టి బతుకు బతికి, తిరిగొచ్చినా సెంటు భూమి దక్కని కూలీల చరిత్ర అది. అలాంటి పాట నుంచి ఆ చరిత్ర తాలూకు మనిషినే పక్కన పెడితే, దాన్ని పొరపాటని సర్దుకుపోలేం.

బాణీ కట్టి నిర్మించింది తానని, ఆదాయంలో ముగ్గురికీ సమాన వాటా ఉందని సంతోష్ నారాయణన్ అప్పట్లో చెప్పారు. 2024 మార్చిలో ఆయనే, ఈ పాట మీద తమకు ఒక్క రూపాయి కూడా రాలేదని ప్రకటించారు. యూట్యూబ్‌లో కోట్లాది మంది చూసిన పాట ఇది. పేరు కోసం కళాకారులు తమలో తాము తగువులాడుకుంటుంటే డబ్బు లెక్క వాళ్ల చేతికి అందనంత దూరంలో ఉండిపోయింది.

మన దగ్గరా ఇదే కథ. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగ దరియా' మారుమోగింది. ఈ పాటను వెలుగులోకి తెచ్చింది తానేనని జానపద గాయని కోమలి అడిగాకే, ఆమెకు క్రెడిట్, పారితోషికం ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల చెప్పారు. పోనీ పేరొస్తే చాలా? 'భీమ్లా నాయక్' పాటతో ఊరూరా తెలిసిన డక్కలి కళాకారుడు కిన్నెర మొగులయ్య 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో ఆయన భవన నిర్మాణ కూలీగా కనిపించారు.

అమెరికాలో 1969 నాటి 'ఆమెన్, బ్రదర్' పాటలో నల్లజాతి డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ వాయించిన కొన్ని సెకన్ల దరువును కత్తిరించి వేలాది పాటల్లో వాడుకున్నారు. ఆయన 2006లో చనిపోయారు. ఆ దరువుకు ఆయనకు రాయల్టీ దక్కలేదు.

'జానపదం' అనే మాట ఇక్కడే మోసం చేస్తుంది. నాట్ల పాట, ఏడుపు పాట, డప్పు దరువు ఎవరివీ కావు కాబట్టి అందరివీ అంటారు. ఆ 'అందరిలో' లాభం తీసుకునేది రికార్డు చేసినవాడే. వాడలో పుట్టిన పాటకు కులం గుర్తుంటుంది, సొంతదారు మాత్రం ఉండడు!

చట్టం పూర్తిగా చేతులెత్తేయలేదు. కాపీరైట్ చట్టం సెక్షన్ 57 ప్రకారం హక్కులు అమ్ముకున్నా రచయితననే హక్కు పోదు. 2012 సవరణతో రాయల్టీలో సమాన వాటాను వదులుకునేలా రాయించుకున్న ఒప్పందం చెల్లదు. సెక్షన్ 38బి గాయకులకూ తమ పేరు చెప్పాలని అడిగే హక్కిచ్చింది. కానీ ఈ రక్షణ పేరున్న రచయితకు, రికార్డైన గొంతుకు మాత్రమే. తరతరాలుగా నోటి నుంచి నోటికి వచ్చిన సమష్టి పాటకు ఇందులో చోటు లేదు.

అందుకే పని మన దగ్గరే మొదలు కావాలి. ఊళ్లో పాటను ఫోన్‌లో రికార్డు చేసే విద్యార్థి పాడినవారి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాసుకోవాలి, పెట్టే ముందు అనుమతి అడగాలి. సభల్లో పాడే కళాబృందాలు పాట ఎవరిదో చెప్పి పాడాలి. సినిమావాళ్లు వచ్చినప్పుడు మాట మీద కాకుండా కాగితం మీద వాటా తేల్చుకోవాలి, అందుకు సంఘాలు తోడుండాలి. పాట విడుదలై వైరల్ అయ్యాక అడిగితే మనకు దక్కేది వివరణ మాత్రమే.