ముగ్గులో బీజగణితము

పదవ తరగతి గణితములో తప్పి చదువు మానిన బాలికలను మేమెఱుగుదుము. బీజగణితమనిన వారికి భయము. అది మన యింటి విద్యయే యని వారికి తెలుపువారు లేకపోయిరి.

ఆళ్ళగడ్డ శిల్పుల పనిని చూడుడు. నవతాళ ప్రతిమకు ముఖము కొలత ‘య’ యైన నెత్తు 9య. విగ్రహము చిన్నదైనను పెద్దదైనను సూత్రమొక్కటే.

నంద్యాల వాకిళ్ళలో పెట్టు చుక్కలను చూడుడు. 1, 3, 5, 3, 1 కలిపిన 13. నడిమి వరుస వఱకు వరుసలు మూడు. మూటి వర్గము 9, రెంటి వర్గము 4. నడుమ 7 అయిన 16, 9 కలిసి 25. ఈ నియమ మెన్నడును తప్పదు.

తరగతిలో సూత్రమునకు ముందు ముగ్గు వేయించి, నియమమును బాలికలనే కనుగొననిచ్చిన భయము తొలగును. తల్లులారా! నడుమ 9 అయిన చుక్కలెన్నియో రేపు మీ కుమార్తెల నడుగుడు.