కెమెరా లేని ఆగస్టు 15

ఏటా ఆగస్టు 15 వచ్చిందంటే మన టీవీ చానళ్లు అవే నాలుగు దృశ్యాలు తిప్పితిప్పి వేస్తాయి. నెహ్రూ ప్రసంగం, మౌంట్‌బాటన్ బండి, జనసముద్రం, ఎగిరే జెండా. వాటిని ఎవరు తీశారన్న ప్రశ్న ఒక్క యాంకరూ వేయరు. విదేశీ న్యూస్‌రీల్ కంపెనీలు కొంత తీశాయి. సొంత డబ్బు పెట్టుకుని కెమెరా భుజానికెత్తుకున్న కొద్దిమంది భారతీయ ఛాయాగ్రాహకులు కొంత తీశారు. భారత ప్రభుత్వం మాత్రం తీయలేదు. తీసే విభాగాన్ని అంతకు ముందు సంవత్సరం, 1946లో, మూసేశారు గనక.

సర్కారు డాక్యుమెంటరీలు, న్యూస్‌రీళ్లు తీసే ఫిల్మ్స్ డివిజన్‌ను జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్ఎఫ్‌డీసీ)లో కలిపేసిన దగ్గర్నుంచి జరుగుతున్న వాదోపవాదాల్లో ఈ 1946 ఎక్కడా వినబడదు. విలీనం వల్ల ఖర్చు తగ్గుతుందని ఒకరంటారు. స్వతంత్ర డాక్యుమెంటరీ గొంతు నొక్కేశారని ఇంకొకరంటారు. రెండో మాటలో కొంత నిజముంది. కానీ ఇద్దరూ మాట్లాడేది ఇక ముందు తీయబోయే సినిమాల గురించే. ఇప్పటికే తీసి డబ్బాల్లో ఉన్నవాటి సంగతి ఎవరికీ పట్టలేదు.

1946లో మూసింది దేన్ని? యుద్ధకాలంలో బ్రిటిష్ ప్రభుత్వం నడిపిన ఇన్ఫర్మేషన్ ఫిల్మ్స్ ఆఫ్ ఇండియాను, ఇండియన్ న్యూస్ పెరేడ్‌ను. అవి తెల్లవాడి ప్రచార యంత్రాలేనన్నది నిజం. 1943లో భారత రక్షణ నిబంధనలకు 44ఏ అని ఒకటి తగిలించి, ప్రతి ఆటలోనూ సర్కారు ఆమోదించిన 2,000 అడుగుల ఫిల్ము వేసి తీరాలని హాళ్లవాళ్ల మెడ మీద కత్తి పెట్టారు. అంటే దాదాపు 22 నిమిషాలు. బెంగాల్‌లో జనం ఆకలితో రాలిపోతున్న ఏడాది అది. కాబట్టి కేంద్ర శాసనసభ ఆ విభాగం నిధులకు కోత పెట్టడంలో అర్థం ఉంది, ఆ కోపమూ న్యాయమే. తప్పల్లా కెమెరా ఎవరి చేతిలో ఉందన్న కోపాన్ని కెమెరా మీద తీర్చుకోవడంలో ఉంది. ఏడాది తిరిగేసరికి స్వాతంత్ర్యం వచ్చింది, విభజన వచ్చింది, గాంధీని చంపిన 1948 జనవరి 30 వచ్చింది. ఫిల్మ్స్ డివిజన్ పుట్టింది 1948 ఏప్రిల్‌లో. మన ఇంట పెళ్లికి పక్కింటివాడు తీసిన ఫొటోలే మనకు దిక్కయ్యాయి.

సర్కారు న్యూస్‌రీళ్లన్నీ ఉత్త ప్రచారం, ఎవరిక్కావాలి అనే పెద్దమనుషులూ ఉన్నారు. ప్రచారమే. వ్యాఖ్యాత గొంతు ఆపేసి చూడండి. మంత్రిగారు రిబ్బను కత్తిరిస్తుంటారు, మన కన్ను మాత్రం ఆయన వెనకాల నిలబడ్డవాళ్ల మీదికి పోతుంది. ఎవరి కాళ్లకు చెప్పులున్నాయి, ఎవరికి లేవు. ఆడవాళ్లు ఎంత దూరంలో నిలబడ్డారు. కూలీ తట్ట ఎలా ఎత్తింది. రోడ్డు మీద ఎడ్లబళ్లెన్ని, సైకిళ్లెన్ని. దర్శకుడు చూపించదలుచుకోనిదంతా ఫ్రేము అంచుల్లో పడి ఉంటుంది. 1950ల నాటి మామూలు మనిషి నడకను, తలపాగా చుట్టుకున్న తీరును, వరసలో నిలబడే ఓపికను ఏ గెజిటీరూ రాసిపెట్టలేదు. దాన్ని కదులుతున్నట్టుగా పట్టుకున్నది ఈ రీళ్లే.

అందులో తెలుగువాళ్ల వాటా చిన్నది కాదు. యుద్ధకాలంలో ఈ చిత్రాలకు వ్యాఖ్యానం ఐదు భాషల్లో ఉండేది: ఇంగ్లీషు, హిందుస్తానీ, బెంగాలీ, తమిళం, తెలుగు. 1953 అక్టోబరు 1న కర్నూలులో ఆంధ్ర రాష్ట్రం, 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ శంకుస్థాపన, 1956 నవంబరు 1న హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్. ఈ మూడింటికీ నెహ్రూ వచ్చాడు, అప్పటికి ఫిల్మ్స్ డివిజనూ ఉంది. కర్నూలు డిగ్రీ విద్యార్థి ఒకడు ఆ రోజు తన ఊరు ఎలా ఉందో చూడాలనుకుంటే ఏ తెలుగు సూచిక తెరవాలి? ఆన్‌లైన్‌లో పెట్టిన కాస్తా ఎక్కువగా ఇంగ్లీషు, హిందీ వ్యాఖ్యానాలతోనే కనబడుతుంది. ఆ తెలుగు గొంతులు ఏ గదిలో ఉన్నాయి?

ఇక డబ్బు సంగతి. నేల టికెట్టు కొన్నవాడు కూడా ఈ చిత్రాలకు డబ్బు కట్టాడు. స్వాతంత్ర్యం తర్వాత కూడా హాళ్లలో వీటిని వేసి తీరాల్సిందే, పైగా హాలువాళ్లు నికర వసూళ్లలో 1 శాతం దాకా ఫిల్మ్స్ డివిజన్‌కు అద్దె చెల్లించేవారు. పన్నుల రూపంలో మనం కట్టింది వేరే. హాళ్లవాళ్లు కోర్టుకెక్కితే, ప్రజలకు సమాచారం అందాలి గనక ఈ నిర్బంధ ప్రదర్శన సబబేనని 1999లో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని సమర్థించింది. న్యూస్‌రీలు అయ్యాక వెళ్దాంలే అని బయట బీడీ కాల్చుకునేవాడికి చట్టం పెట్టి చూపించారు. చూస్తాం మొర్రో అని ఇవాళ అడిగేవాడికి ఫుటేజీ రేటు చెబుతున్నారు. కోర్టులో చెప్పిన ప్రజాప్రయోజనం కౌంటరు దగ్గరికి వచ్చేసరికి సరుకైపోయింది.

లండన్‌కు చెందిన బ్రిటిష్ పాథే 2014 ఏప్రిల్‌లో 85,000 చిత్రాలను యూట్యూబ్‌లో పెట్టేసింది. అది లాభం చూసుకునే ప్రైవేటు కంపెనీ. అమెరికాలో యూనివర్సల్ సంస్థ 1970ల్లోనే తన న్యూస్‌రీళ్లను జాతీయ ఆర్కైవ్స్‌కు ఇచ్చేసింది, ఎవరైనా వాడుకోవచ్చు. అక్కడా అన్నీ సవ్యంగా లేవు, 1978లో నైట్రేట్ ఫిల్ము తగలబడి చాలా పోయింది. 2003లో పుణెలో దాచిన మన పాత ఫిల్ముకూ అదే గతి పట్టింది. నిప్పుకు, చెదకు, తేమకు ఎదురు నిలిచేది ఎక్కువ ప్రతులే. ఫిల్మ్స్ డివిజన్ దగ్గరున్నవి అన్నీ కలిపి 8,000 పైచిలుకు చిత్రాలు. 85,000 ఒక కంపెనీకి సాధ్యమైతే, అందులో పదో వంతు ఒక దేశానికి భారమా?

విలీనమైనా ఆస్తులు ప్రభుత్వానివేనని కేంద్రం హామీ ఇచ్చింది. సంతోషం. ప్రభుత్వానివంటే ప్రజలవి. ఎన్ఎఫ్‌డీసీ జమాఖర్చుల్లో ఆదాయం పద్దు కింద రాసుకునేవి కావు. 1946లో మూసినవాళ్లకు కనీసం ఒక సాకుంది: అది పరాయి సర్కారు గొంతు. ఇప్పుడు తాళం వేసినవాళ్లకు ఆ సాకు కూడా లేదు. మన రెండు తెలుగు ప్రభుత్వాలదీ ఇదే వరస. అవతరణ దినోత్సవాల పూట హోర్డింగులకు డబ్బుంటుంది; తెలుగునేల మీద తీసిన రీళ్లు ఎన్ని, వాటి తెలుగు ప్రతులు ఎక్కడ అని ముంబైలోని ఎన్ఎఫ్‌డీసీకి ఒక ఉత్తరం రాసి జాబితా తెప్పించుకునే తీరిక ఉండదు. పార్లమెంటులో మనకు 42 మంది లోక్‌సభ సభ్యులున్నారు. వాళ్లలో ఒక్కరైనా వచ్చే సమావేశాల్లో ఈ జాబితా అడగాలి. రీళ్లన్నీ ఉచితంగా, తెలుగు వ్యాఖ్యానంతో సహా, ఏ తేదీకి బయట పెడతారో మంత్రి చేత సభలో చెప్పించాలి.